అద్దం లేని కిటికీ

మూడోసారి పగిలిన అద్దాన్ని ఎత్తడానికి అద్దాలాయన చీపురు కూడా తీసుకోలేదు. నేలమీద గొంతుక్కూర్చుని ముక్కలు ఒక్కొక్కటే చేత్తో ఏరాడు. కోపంగా ఉన్నప్పుడు గాజు ముట్టుకోవద్దని, పని నేర్పిన ప్రతివాడికీ చెప్పిన మనిషి. బొటనవేలు చీరుకుపోయి రక్తం వచ్చినా లెక్కచెయ్యలేదు.

రాయి ప్లాస్టిక్ కుర్చీల మధ్య పడి ఉంది. మొదటిసారి రాయికి కాగితం చుట్టి తిట్లు రాసి మరీ విసిరారు. ఈసారి కాగితం లేదు. తిట్టడానికి కూడా తీరిక లేనట్టు ఉత్త రాయే వేశారు. అది ఇంకా మండించింది అతన్ని.

టైర్ల షాపు మీద గది అది. వీధిలోంచి ఇనప మెట్లెక్కి రావాలి. కింద నుంచి రబ్బరు వాసన, పైన కుర్చీలు, ఒక బల్ల, బల్ల మీద చెక్క సిలువ. వాళ్ల ప్రార్థన గదంటే అంతే. వీధివైపు ఒకే ఒక్క కిటికీ, ఆ కిటికీకి సూటిగా ఎదురుగా సెలూన్.

మొదటి అద్దం పగిలినప్పుడే స్టేషన్‌కి వెళ్లాడు. అక్కడ కుర్చీలో కూర్చున్నాయన తల ఎత్తకుండా, రాయి ఎవరు వేశారో కళ్లారా చూశావా అని అడిగాడు. చూడలేదన్నాడు. చూడకపోతే గాలికి పగిలిందని రాసుకుంటాం, సంతకం పెట్టి వెళ్లమన్నాడు. గాలికి రాయి లేస్తుందా అని అడిగినందుకు ఒక పూటంతా బయట బెంచీ మీద కూర్చోబెట్టారు.

నిజానికి గాలే మారింది. వ్యానుకి అంటించిన చిన్న సిలువ బొమ్మ పీకేస్తే కొత్త బిల్డింగు అద్దాల పని ఇస్తానని ఒక బిల్డరు నవ్వుతూనే చెప్పాడు. అద్దాలాయన బొమ్మ పీకలేదు, ఆ పని రాలేదు. వాళ్లతోపాటు ప్రార్థనకు వచ్చే నర్సు ఒకామె ఏడుస్తున్న రోగి చెయ్యి పట్టుకుని రెండు మాటలు ప్రార్థించింది. అందుకు ఆమెను మందుల గోదాంలో లెక్కలు చూడమని పంపేశారు. ఇవన్నీ ఎవరూ అరిచి చెయ్యలేదు. పద్ధతిగా, మర్యాదగా, మీ మంచికే అంటూ చేశారు. అద్దాలాయనకి ఆ మర్యాదే గొంతు పట్టుకున్నట్టుండేది.

రాళ్లెవరు వేస్తున్నారో వీధిలో అందరికీ తెలుసు. సెలూన్ బయట బల్ల మీద పొద్దస్తమానం కూర్చుని దువ్వెనలు అరగదీసే కుర్రాళ్లు. సెలూన్ నడిపే కత్తెర బావ ఎప్పుడూ రాయి వెయ్యలేదు. ఆపనూ లేదు. రెండో అద్దం పగిలిన మర్నాడు వాళ్లకి టీ తెప్పించి ఇచ్చాడు.

కత్తెర బావకి ఆ పేరు వీధి పెట్టింది. కనబడిన ప్రతివాణ్ణీ బావా అనడం అతని అలవాటు. పాలవాడూ బావే, బ్యాంకు మేనేజరూ బావే. ఒకసారి గడ్డానికొచ్చిన సొంత మావగారిని కూడా నోరు జారి బావా అనేశాడని, ఆయన సగం గడ్డంతో లేచిపోయాడని చెప్పుకుంటారు. అద్దాలాయన ఏళ్ల తరబడి ఆ కుర్చీలోనే గడ్డం గీయించుకున్నాడు. తను తాగుడు ఎలా మానాడో, ఎవరి చెయ్యి పట్టుకుని మానాడో ఆ కుర్చీలోనే చెప్పేవాడు. “నోరు తెరిస్తే సబ్బు లోపలికి పోద్ది బావా. మీ ప్రభువు సంగతి మొహం కడిగాక చెబుదువుగాని,” అనేవాడు కత్తెర బావ. మొహం కడిగాక మళ్లీ తనే, ఆఁ, తర్వాతేమైంది అని అడిగేవాడు.

అలాంటివాడే వీధివాళ్ల మీటింగులో అందరికంటే ముందు లేచి, ఆ మేడ మీద గది ఖాళీ చేయిస్తే తప్ప వీధి బాగుపడదన్నాడు. మర్నాడు అద్దాలాయన సెలూన్ గుమ్మంలో నిలబడితే, “ఏం కావాలండీ?” అన్నాడు. అద్దాలాయనని ‘అండీ’ అని పిలిచేది లోకం మొత్తంలో ఒక్క భార్యే. ఆ పిలుపు కత్తెర బావ నోట వినేసరికి చెంప మీద కొట్టినట్టయింది. అప్పటినుంచి ఇంట్లోనే గీసుకుంటున్నాడు, మొహమంతా గాట్లతో.

మూడో అద్దం పగలడానికి కొన్నాళ్ల ముందు ఇంకొకటి జరిగింది. సెలూన్ కుర్రాళ్లు తోసుకుని ఆడుతుంటే కుర్చీ వెళ్లి గోడ అద్దానికి తగిలి అది చీలింది. అద్దం లేని సెలూన్‌కి ఎవరొస్తారు? వేరే అద్దాలవాడు దొరక్క, టైర్ల షాపువాడితో కబురు పెట్టించాడు కత్తెర బావ. పని పనే కదా అనుకుని అద్దాలాయన వెళ్లాడు. కొత్త అద్దం గోడకి ఆనించి మరలు బిగిస్తుండగా, అందులో తన భుజం వెనకనుంచి కత్తెర బావ కనబడ్డాడు. కుర్చీలో ఉన్న మనిషి చెంప వైపు కత్తి తీసుకెళ్తున్నాడు. ఆ చెయ్యి వణుకుతోంది, వీధిలో లారీ వెళ్లేటప్పుడు కిటికీ అద్దం అదిరినట్టు. తర్వాత కుర్చీలో మనిషి తల అడ్డొచ్చి ఇంకేమీ కనబడలేదు. కత్తెర బావ తలెత్తాడు. ఇద్దరి చూపులూ అద్దంలో కలిశాయి. చెయ్యి చటుక్కున ఏప్రాన్ జేబులోకి వెళ్లిపోయింది.

అద్దం సరిగ్గా కూర్చుందా అని అడిగాడు అద్దాలాయన. కూర్చుందండీ అన్నాడు కత్తెర బావ.

ఆ సంగతి అద్దాలాయన ఎవరికీ చెప్పలేదు, భార్యకి కూడా. మంచితనంతోనే దాచుకున్నానని నమ్మాడు. ఎప్పుడైనా పనికొస్తుందని గాజు ముక్కని మూలన దాచినట్టు దాచాడని తర్వాత గాని తెలియలేదు.

ఆ గదిలో వాళ్లకో కట్టుబాటు ఉంది. అది మాస్టారు పెట్టింది. బడిలో పాఠాలు చెప్పి రిటైరయిన ఆయన ఇప్పుడు వాళ్లకి పెద్ద. ప్రతి ఆదివారం ఒకరు తమని బాధపెట్టిన మనిషి కోసం పైకి, పేరు చెప్పి ప్రార్థించాలి. వాడి మనసు మార్చు అని మాత్రం అడగకూడదు. అది మన సుఖం కోసం అడగడమే అంటారు మాస్టారు. ఆ మనిషికి నిజంగా ఏం కావాలో కనుక్కుని దాన్ని అడగాలి. అందుకని వాళ్లు తమ పగవాళ్లని చుట్టాలకంటే శ్రద్ధగా గమనించేవారు. రోజూ తమ గుమ్మం ముందు చెత్త పోసే పక్కింటావిడ కూతురు పరీక్ష పాసవ్వాలని అద్దాలాయన భార్య ప్రార్థించింది. ఆ పిల్ల పాసయింది. మర్నాడు చెత్తలో ఖాళీ స్వీటు డబ్బా కూడా వచ్చింది. “అడిగింది ఇచ్చాడు. ఇంక డబ్బాలో ఒకటైనా మిగిల్చమని అడగలేదుగా,” అని భార్య నవ్వి ఆ చెత్త ఎత్తి పోసింది.

మూడో అద్దం పగిలిన వారం వంతు అద్దాలాయనది.

కిటికీకి కొలత ప్రకారం కోసిన అద్దం ఆదివారం పొద్దున్నే తెచ్చి గోడకి ఆనించాడు. అంచులకి పూసే లప్పం కలిపి ఉంది. అరగంట పని. చెయ్యలేదు. భార్య అడిగితే లప్పం ఆరదన్నాడు. సాయంత్రం అందరూ వచ్చి కూర్చున్నారు. కిటికీ చట్రం ఉత్తదే, వీధి మొత్తం లోపలికి వినబడుతోంది. అంటే లోపలిది వీధికీ వినబడుతుంది. సెలూన్‌లో జనం కిటకిటలాడే వేళ.

అద్దాలాయన లేచి నిలబడ్డాడు. మామూలుగా గొణిగేవాడు, ఆ రోజు గొంతు పెంచాడు. ఎదురుగా ఉన్న సెలూన్ కత్తెర బావ కోసం అడుగుతున్నానన్నాడు. కింద ఎవరో నవ్వు ఆపారు. “అతని కుడి చెయ్యి వణుకుతోంది ప్రభువా. కత్తి పట్టుకుంటే ఆగడంలేదు. జనాల గొంతు మీద కత్తి పెట్టే చెయ్యి. దాన్ని బాగు చెయ్యి,” అన్నాడు. ప్రతి మాటా మేకు దిగ్గొట్టినట్టు దిగ్గొట్టాడు.

గదిలో అందరూ ఆమెన్ అన్నారు. మాస్టారు అనలేదు. ఆయన కిటికీ వైపు చూస్తున్నారు.

ఇంటి తలుపు తీశాక భార్య అంది, “మీరు ఇవాళ మొక్కింది పైకి కాదండీ. కిందికి.”

మర్నాడు సెలూన్‌లో కుర్చీ ఖాళీ. ఆ మర్నాడూ అంతే. ఒక మనిషి మొహం నిండా నురగతో ఉండి, కత్తి దగ్గరకొచ్చేసరికి ఏదో పనున్నట్టు లేచి, తువ్వాలుతో తుడుచుకుంటూ వెళ్లిపోయాడు. గడ్డం మాసినవాళ్లు వీధి అవతలి అంచున నడవడం మొదలెట్టారు. బల్ల మీద కుర్రాళ్లు దువ్వెన పట్టుకుని చేతులు వణికించి ఒకళ్లనొకళ్లు బావా, బావా అంటూ నవ్వుకున్నారు. వాళ్లు తాగుతున్నది కత్తెర బావ తెప్పించిన టీయే.

మొదటిరోజు అద్దాలాయనకి హాయిగానే ఉంది. అది దాచడానికి లేదు. అన్నం బాగా తిన్నాడు కూడా. రెండోరోజు టైర్ల షాపు దగ్గర వ్యాను ఆపి ఎదురుగా చూశాడు. కత్తెర బావ గుమ్మంలో నిలబడి ఉన్నాడు, చేతులు రెండూ చంకల్లో బిగించుకుని. వెనక నేల మీద ఒక్క వెంట్రుక లేదు. అయినా కాసేపటికి లోపలికెళ్లి ఊడ్చాడు. ఊడ్చిందే ఊడ్చాడు. అద్దాలాయన వ్యానులో కూర్చుని స్టీరింగు మీద గుద్దాడు. ఎవరి మీద కోపమో తెలియలేదు. కుర్రాళ్ల మీద కావచ్చు. అన్నింటికంటే ఎక్కువగా, ఇన్నాళ్లు తనని వేపుకుతిని ఇప్పుడు జాలిపడేలా నిలబడ్డ ఆ మనిషి మీద.

మాస్టారింటికి వెళ్లి తగువేసుకున్నాడు. వాళ్లు రాళ్లు వేస్తే పట్టించుకున్న నాథుడు లేడు, నేను ప్రార్థన చేస్తే తప్పొచ్చిందా అని అడిగాడు. తను అన్నదాంట్లో ఒక్క అబద్ధముందా అన్నాడు. మీ కట్టుబాటు ప్రకారమే పేరు చెప్పాను, వాడికేం కావాలో అదే అడిగాను అన్నాడు. మాస్టారు మొక్కలకి నీళ్లు పోస్తూ అంతా విన్నారు. చెంబు కింద పెట్టాక అన్నారు:

“రాయి వేసేవాడికి అది రాయని తెలుసురా అబ్బాయ్. నువ్వు వేసినదానికి మనవాళ్ల చేత ఆమెన్ కూడా అనిపించావు.”

అద్దాలాయన గిరుక్కున తిరిగి వచ్చేశాడు. దారంతా మాస్టార్ని తిట్టుకున్నాడు. ముసలాయనకి అద్దాల ఖరీదు తెలుసా, స్టేషన్ బెంచీ తెలుసా అనుకున్నాడు. ఇంటికొచ్చి భార్యతో, ఇప్పుడు నన్నేం చెయ్యమంటావని అరిచాడు. ఆవిడ గిన్నె తోముతూ అతని మొహం వంక చూసింది. “ముందు ఆ గడ్డం గీయించుకోండి. మొహమంతా గాట్లు, చూడలేకపోతున్నా. అతని చేతికంటే మీ చెయ్యే అధ్వాన్నంగా ఉంది,” అంది.

ఆదివారం పొద్దున, వీధంతా బయట ఉండే వేళ చూసుకుని సెలూన్ మెట్లెక్కాడు. బల్ల మీద కుర్రాళ్లు నోళ్లు తెరిచారు.

“ఏం కావాలండీ?” అన్నాడు కత్తెర బావ.

“గడ్డం.”

“మీరు ఇంట్లోనే గీసుకుంటున్నారుగా. అద్దం కూడా మీ దగ్గరే బోలెడుంది.”

అద్దాలాయన కుర్చీలో కూర్చుని మెడ వెనక్కి వాల్చాడు. కత్తెర బావ కదల్లేదు. వణుకుతోందో లేదో పరీక్ష చేసి మళ్లీ మేడెక్కి చెప్పడానికొచ్చారా అని అడిగాడు. ఈ చేత్తో ఈ వీధి సగానికి తొలి క్షవరం చేశానని, ఆ కిటికీలోంచి ఒక్క మాటతో తన పొయ్యి ఆర్పేశారని అన్నాడు.

“కావాలనే చేశాను,” అన్నాడు అద్దాలాయన. “అద్దం కోసి ఉంచి కూడా బిగించలేదు. నీకు వినబడాలని, వీధికి వినబడాలని. అడిగింది దేవుణ్ణి కాదు. అది తప్పు. దానికి క్షమించమంటున్నాను. రాళ్ల సంగతి మాత్రం నేను మర్చిపోలేదు. ఒళ్లు మండుతూనే ఉంది.”

“మీ దేవుడు పంపాడా ఇలా వెళ్లమని?”

“మా ఆవిడ పంపింది. ఆయన్నడిగినా అదే చెప్పుండేవాడు.”

కత్తెర బావ నవ్వలేదు. “ఆ గది ఖాళీ చేయించేదాకా నేను ఊరుకోను. ఈ వేషాలకి కరిగిపోతాననుకోకండి,” అన్నాడు.

“చేయించు. ముందు గడ్డం గీయి. కుర్చీ వీధి వైపు తిప్పు, అందరికీ కనబడనీ.”

కత్తెర బావ ఒక్క తన్ను తన్ని కుర్చీని గిర్రున వీధి వైపు తిప్పాడు. నీళ్లు వేడి చేశాడు. అంత కోపంలోనూ చన్నీళ్లతో సబ్బు రాయలేదు, నీళ్లు మణికట్టు మీద పోసుకుని వేడి చూసుకున్నాడు. అద్దాలాయన అది గమనించాడు, గమనించినందుకు తన మీదే చిరాకు పడ్డాడు. టైర్ల షాపువాడు టైరు దొర్లించడం ఆపేశాడు. గుమ్మం ముందు జనం చేరారు.

కొత్త బ్లేడు పెట్టి కత్తి ఎత్తాడు. గాల్లో అది వణికింది. కుర్రాళ్లలో ఒకడు కిసుక్కుమన్నాడు. అద్దాలాయన తన ప్రభువుని ఏదైనా అడుగుదామనుకున్నాడు, ఒక్క మాట కూడా రాలేదు. నిన్నటిదాకా తిట్టిన మనిషి చేతిలో కత్తి ఉంది, తన గొంతు అతని ముందుంది, అంతే. కత్తి చెంపకి ఆనింది.

ఆనగానే వణుకు ఆగిపోయింది.

చర్మం మీద కత్తి నున్నగా, ఒకే దారిన నడిచింది, ఎప్పట్లాగే. మళ్లీ గాల్లోకి లేస్తే వణుకు, చెంపకి తాకితే లేదు. అద్దాలాయనకి అప్పుడు అర్థమైంది. ఆ రోజు అద్దంలో తను చూసింది గాల్లో ఉన్న చెయ్యే. మిగతాది కుర్చీలో మనిషి తల వెనక జరిగింది. చూసిన సగంతో మొత్తం మనిషిని వీధిలో పడేశాడు.

ఆ మాట చెప్పకుండా ఉండలేకపోయాడు. కత్తి గడ్డం కింద ఉండగానే నోరు తెరిచాడు. చురుక్కుమంది. రక్తపు చుక్క నురగలోకి జారింది.

గుమ్మం దగ్గర కుర్రాళ్లు ఈల వేశారు. కత్తెర బావ మొహం ఎర్రబడింది. కత్తి తీసి వాళ్ల వైపు కాదు, అద్దాలాయన వైపే తిరిగాడు.

“నోరు ముయ్యి,” అన్నాడు. “ఎన్నిసార్లు చెప్పాను నీకు, కత్తి మీద ఉన్నప్పుడు నోరు తెరవొద్దని? అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. నీ ప్రభువు ఎక్కడికీ పోడు, మొహం కడిగేదాకా ఆగలేడా?”

జనంలో టైర్ల షాపువాడు పెద్దగా నవ్వాడు. వాడే అన్నాడు, తప్పు కత్తిది కాదు, నోటిదని. కత్తెర బావ పటిక తీసి గాటు మీద గట్టిగా నొక్కాడు. కావాలనే అంత గట్టిగా నొక్కాడు. అద్దాలాయన పళ్లు బిగించి నోరు మూసుకున్నాడు. మిగతా గడ్డం నిశ్శబ్దంగా పూర్తయింది.

తువ్వాలు విదిలిస్తూ, గది విషయంలో నా మాట మారదు అన్నాడు కత్తెర బావ. మారక్కర్లేదు అన్నాడు అద్దాలాయన. ఇద్దరికీ ఇంకా కోపంగానే ఉంది. గడ్డం మాత్రం ఈ మధ్యకాలంలో ఎప్పుడూ లేనంత నున్నగా ఉంది.

మధ్యాహ్నం నిచ్చెన బయట గోడకి వేసుకుని కిటికీకి అద్దం ఎక్కించాడు. సాయంత్రం ప్రార్థన వేళకి కిటికీ మూసి ఉండాలి. అడగాల్సింది అడగాల్సినవాడికే వినబడాలి. రెండు చేతులూ అద్దం మీద, వీపు వీధి వైపు. వెనక బల్ల కిర్రుమంది. ఎవరో లేచారు. నేల మీద గులకరాళ్లు గరగరలాడాయి. అద్దాలాయన తిరగలేడు, తిరిగితే అద్దం జారుతుంది. దిగి ఒక్కొక్కణ్ణీ పట్టుకుని ఝాడించాలనిపించింది. అద్దాన్ని ఇంకాస్త గట్టిగా అదిమాడు.

“రేయ్, పడేయ్ అది,” అని కత్తెర బావ గొంతు వినబడింది. “పొద్దునే చేశాను ఆ గడ్డం. అద్దం పగిలి ఆ మొహం మీద గీతలు పడ్డాయంటే మళ్లీ నా పేరే చెబుతారు. పడేసి ఇళ్లకి పొండి. బల్ల మీద కూర్చునేవాళ్లెవరైనా గడ్డం గీయించుకునే కూర్చోవాలి ఇకనుంచి.”

కొత్త అద్దంలో వీధంతా కనబడుతోంది. సెలూన్ కుర్చీలో టైర్ల షాపువాడు మొహం నిండా నురగతో ఉన్నాడు. గుమ్మంలో కత్తెర బావ, కుర్రాళ్ల వైపు కత్తి చూపిస్తూ నిలబడ్డాడు. ఆ చెయ్యి అందరి ముందూ గాల్లో వణుకుతోంది. అతను దాన్ని జేబులో పెట్టుకోలేదు.

అద్దాలాయన లప్పం ముద్ద తీసుకుని అంచు వెంట బొటనవేలితో అదమడం మొదలెట్టాడు. గాజుకి తెగిన చోట ఇంకా మంటగా ఉంది.